గడియ ఎటువైపు?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగం అమెరికా సంగతులే. ఎండాకాలం పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లంతా బెంగళూరులో దిగినట్టున్నారు. జెట్‌లాగ్ తీరకముందే కలం పట్టిన మారతహళ్లి అమ్మమ్మగారి ఉత్తరంతో మొదలుపెడతాను. దానికి జవాబు పొడుగవుతుంది. మిగతావాళ్లు కొంచెం సర్దుకోవాలి.

ప్రశ్న: మేడమ్, ఆరు నెలలు ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాను. వాళ్ల ఇంటికి దగ్గర్లో మిషన్ శాన్ హోసే అని తెల్లగోడల చర్చి ఉంది. సాయంత్రం నడకకు అటే వెళ్లేదాన్ని. మనవరాలు నాలుగో క్లాసు, వాళ్లకు ఈ మిషన్ల గురించి పాఠం. మా అల్లుడేమో "అడవుల్లో తిరిగేవాళ్లకు సేద్యం, చదువు నేర్పింది ఈ ఫాదర్లే" అంటాడు. పిల్లేమో "కాదు నాన్నా, వాళ్లను లోపల పెట్టి బయటికి పోనివ్వలేదు" అంటుంది. అన్నం దగ్గర రోజూ ఇదే గొడవ. నన్ను తీర్పు చెప్పమన్నారు. "దేవుడి చోటు, ఏమీ అనకండి" అని తప్పించుకున్నాను. అప్పటినుంచి మనసులో పీకుతోంది. ఎవరిది రైటు? (ఒక అమ్మమ్మ, మారతహళ్లి)

జవాబు: అమ్మా, మీ అల్లుడుగారు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మీ మనవరాలు చెప్పింది నిజం. ఈ రెండూ ఒకటి కాదు. ఒక్క అబద్ధం ఆడకుండానే అసలు సంగతి దాటేయొచ్చు. ముప్పై ఒక్క ఏళ్లు హిస్టరీ పాఠం చెప్పినదాన్ని, నేనూ చాలాసార్లు అలాగే దాటేశాను.

ముందు మీరు చూసిన కట్టడం సంగతి. ఆ చర్చి పాతదిలా కనబడుతుంది గాని, 1985లో పూర్తయిన నకలు. మిషన్ అంటే, కాలిఫోర్నియా స్పెయిన్ చేతిలో ఉన్న రోజుల్లో, అక్కడి జనాన్ని క్రైస్తవంలో కలిపి ఒకచోట ఉంచడానికి ఫాదర్లు పెట్టిన ఊరు. అక్కడ అది మొదలైంది 1797 జూన్ 11న. 1809లో కట్టిన మట్టి ఇటుకల చర్చి 1868 భూకంపంలో కూలిపోయింది. పక్కన పొడుగాటి వసారాతో ఉన్న ఫాదర్ల ఇల్లు మాత్రం కొంత పాతదే.

ఆ మట్టి ఇటుకను స్పానిష్‌లో అదోబే అంటారు. పుస్తకంలో ఆ మాట కనబడితే నాకు అరికాళ్లు చల్లబడతాయి. మాది హిందూపురం పక్క పల్లె. మా తాత మిద్దె వేయించినప్పుడు మన్ను నానబెట్టి, గడ్డి తరిగి చల్లి, పిల్లలందరినీ గుంటలో దిగి తొక్కమన్నాడు. తొక్కిన మన్నును చెక్క అచ్చులో కొట్టి, ఎండలో పరిచి, తిరగేసి మళ్లీ ఆరబెట్టడం. అక్కడా అదే పద్ధతి. 1769లో శాన్ డియేగోతో మొదలుపెట్టి 1823 దాకా కాలిఫోర్నియా తీరం వెంట 21 మిషన్లు లేచాయి. ఫలానా ఫాదర్ కట్టించాడని ప్రతిచోటా రాసి ఉంటుంది. ఫాదర్లు ఒక్కో మిషన్‌కు ఇద్దరే ఉండేవాళ్లు. ఆ మన్ను తొక్కిన కాళ్లు ఎవరివో మీరే ఊహించుకోండి.

ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఆ కాళ్లు ఓలోనీలవి, అంటే అక్కడి మూలవాసులవి. అల్లుడుగారు "అడవుల్లో తిరిగేవాళ్లు" అన్నారు చూడండి, అక్కడ ఆగాలి. వాళ్లకు ఊళ్లున్నాయి. ఓక్ చెట్ల కాయలు ఏరి, దంచి, చేదు పోయేదాకా నీళ్లలో కడిగి అంబలి కాచుకునేవాళ్లు. మన మన్యంలో మామిడి టెంకలోని జీడిని అలాగే కడిగి అంబలి కాస్తారు. ఏటా పచ్చికబయళ్లకు కావాలనే నిప్పు పెట్టేవాళ్లు. కాలిన నేల మీద కొత్త గడ్డి, దానికి గింజలు, ఆ గింజలు తిండి. అదీ సేద్యమే. కాకపోతే నాగలి లేని సేద్యం, నాగలి లేకపోతే మన కంటికి ఆనదు. మిషన్ పశువులు వచ్చి ఆ గడ్డి మేసేశాయి. 1793లో గవర్నర్ అర్రిల్లాగా గడ్డి కాల్చడం నేరమన్నాడు. మా పెనుకొండ గుట్టల కింద బోదగడ్డికి నిప్పుపెట్టే పశువుల కాపరులకు ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు. గింజలు పోయాక ఆకలి, కొత్తవాళ్లు తెచ్చిన రోగాలతో చావులు. అప్పుడు కుండనిండా ఉడుకుతున్న గంజి ఉన్నచోటికి జనం నడిచివెళ్లారు. అందరినీ కొట్టి ఈడ్చుకెళ్లారంటే అది కూడా తప్పే. కొందరు పూసలకు, బట్టకు, ఇనుప కత్తికి వెళ్లారు, కొందరు కొత్త దేవుడికి తమ దేవుళ్లకంటే బలముందేమోనని వెళ్లారు. సంగీతానికి వెళ్లినవాళ్లూ ఉండే ఉంటారు. 1806 నుంచి 1833 దాకా మీ మిషన్ శాన్ హోసేలో ఉన్న ఫాదర్ నార్సిసో దురాన్ ఓలోనీ కుర్రాళ్లకు, యొకుట్స్ అనే ఇంకో మూలవాసి జాతి కుర్రాళ్లకు వయొలిన్లు, పిల్లనగ్రోవులు నేర్పి ముప్పై మంది దాకా ఉన్న వాద్యబృందాన్ని తయారుచేశాడు. దానికి చుట్టుపక్కలంతా పేరుండేది.

ఇంతవరకు అల్లుడుగారి కథ. నెత్తిన బాప్తిస్మం నీళ్లు పడ్డాక మనవరాలి కథ మొదలవుతుంది.

నీళ్లు పడేదాకా ఎవరైనా రావచ్చు, పోవచ్చు. పడ్డాక పోవడానికి లేదు. పొలం పనికి గంట, తిండికి గంట, ప్రార్థనకు గంట. చెప్పకుండా ఊరికి పోతే సిపాయిలు వెళ్లి పట్టుకొచ్చేవాళ్లు, కొరడా దెబ్బలు, కాళ్లకు బొండకొయ్య. వాళ్లను అమ్మలేదు, కొనలేదు. కాబట్టి చట్టం లెక్కన బానిసలు కారు. చట్టం లెక్కన మైనరు పిల్లలు! స్పెయిన్‌వాళ్లు తమను "బుద్ధి గలవాళ్లు" అని రాసుకునేవాళ్లు, ఆ మాట కాగితాల్లో అధికారికంగా వాడేవాళ్లు. మిషన్లో ఉన్న యాభై ఏళ్ల తాత ఆ లెక్కలో బుద్ధి రాని బిడ్డ, ఇరవై ఎనిమిదేళ్ల ఫాదర్ అతనికి తండ్రి. తొలి మిషన్లు పెట్టిన హునిపెరో సెర్రా 1780లో గవర్నర్‌కు రాసిన ఉత్తరంలో ఈ దెబ్బలను సమర్థించుకున్నాడు, బిడ్డలను తండ్రి దండించడం లాంటిదే అన్నాడు. ఆయన చెడ్డమనిషని నేను అనను. కాలు పుండుపడి కుంటుతూనే వందల మైళ్లు తిరిగిన మనిషి. 2015లో పోప్ ఆయనను పునీతుడిగా ప్రకటించారు. 2020లో శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, శాక్రమెంటోల్లో జనం ఆయన విగ్రహాలు పడగొట్టారు. రెండు పనులకూ కారణం ఆ ఒక్క జీవితంలోనే దొరుకుతుంది.

"ఆ కాలం అలాంటిది, ఈనాటి తూకంతో తూచకండి" అనేవాళ్లు ఉంటారు. సరే, ఆనాటి తూకమే తెద్దాం. 1786లో కార్మెల్ మిషన్ చూసిన ఫ్రెంచి నౌకాధికారి లా పెరూజ్, తమ కరీబియన్ దీవిలోని బానిసల తోటలు గుర్తొచ్చాయని రాశాడు. అతను ఫాదర్లను తిట్టడానికి వెళ్లినవాడు కాదు, వాళ్ల ఆతిథ్యం తీసుకున్న అతిథి.

మిషన్లలో పెళ్లికాని ఆడపిల్లల్ని రాత్రిపూట ఒక పెద్ద గదిలో పెట్టి బయట తాళం వేసేవాళ్లు. మోన్హెరియో అంటారు. ఎనిమిదేళ్లు దాటితే చాలు, పెళ్లయ్యేదాకా రాత్రి పడక అందులోనే. గాలి సరిగా ఆడని ఇరుకు గదులు, ఒకరికి జబ్బు వస్తే గదంతా. దీని గురించి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. ఎందుకంటే నేనూ ఒక ఆడపిల్లల హాస్టల్‌కి మూడేళ్లు డిప్యూటీ వార్డెన్‌గా చేశాను. సాయంత్రం ఆరున్నరకు గేటు తాళం, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో. పిల్లల మంచికే అనుకునేదాన్ని. అయితే మా పిల్లలు దసరాకు ఇంటికి పోయేవాళ్లు. బొత్తిగా నచ్చకపోతే టీసీ తీసుకుని పోయేవాళ్లు. ఒక పిల్ల అలా పోతూ పోతూ గేటు దగ్గర నాకు నమస్కారం పెట్టి మరీ పోయింది. మిషన్లో టీసీ లేదు.

సెలవు ఉంది గాని. ఏడాదిలో కొన్ని వారాలు పాత ఊరు చూసి రావడానికి అనుమతిచ్చేవాళ్లు, పసేయో అనేవాళ్లు దాన్ని. గడువు దాటితే సిపాయిలు బయల్దేరతారు.

అమ్మా, ఇది దూరదేశపు వింత కాదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరు వినే ఉంటారు. తెల్లదొరలు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. దాని కింద ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి, ఆ సెటిల్‌మెంటును ముక్తి ఫౌజుకు, అంటే సాల్వేషన్ ఆర్మీకి, అప్పజెప్పారు. పొలం ఇచ్చారు, బడి పెట్టారు. హాజరు పిలిచేవాళ్లు, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. చట్టం దేశమంతటా రద్దయి ఆ జాతులకు విముక్తి దొరికింది 1952 ఆగస్టు 31న. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు. ఎవరైనా "వాళ్లకు బడి పెట్టారు కదా" అంటే నేను పాసు సంగతి అడుగుతాను. బడి మంచిదే. పాసు ఎందుకు మరి?

మీ ఫ్రీమాంట్ మిషన్లోనే ఈ సెలవు కథ ఒకటి జరిగింది. ఎస్తనిస్లావో అని ఒక యొకుట్స్ మనిషి. నమ్మకస్తుడని మిషన్లో అల్కాల్దె పదవి ఇచ్చారు, మన లెక్కలో పెద్ద మేస్త్రీ అనుకోండి. 1828లో సెలవు మీద తన ఊరికి వెళ్లాడు. తిరిగి రాలేదు. సరిగ్గా ఇదే, రాలేదంతే! పైగా ఫాదర్ దురాన్‌కు కబురు పంపాడు: మేం తిరగబడ్డాం, మీ సిపాయిలకు భయపడం, ఉన్నదే కొద్దిమంది, అందులోనూ కుర్రాళ్లు, గురి కూడా కుదరదు అని. నది పక్క పొదల్లో కర్రలతో కోట కట్టి, మిషన్లు వదిలివచ్చిన వందలమందితో రెండుసార్లు సైన్యాన్ని తిప్పికొట్టాడు. చివరికి 1829లో మరియానో వయేహో అనే యువ అధికారి ఫిరంగితో వచ్చి, పొదలు తగలబెట్టించాడు. ఎస్తనిస్లావో తప్పించుకుని ఎక్కడికి వెళ్లాడనుకుంటున్నారు? మళ్లీ ఫాదర్ దురాన్ దగ్గరికే. ఆయనే దాచి, గవర్నర్‌తో మాట్లాడి క్షమాభిక్ష ఇప్పించాడు. కొరడా పట్టిందీ ఆ చెయ్యే, అడ్డం పెట్టిందీ ఆ చెయ్యే. ఈ కథను నేను ఎన్నిసార్లు చదివినా ఒక పక్కకు ఒరగలేకపోయాను. ఆ నది పేరు ఇప్పుడు స్టానిస్లాస్, పక్కన ఒక కౌంటీ పేరు కూడా అదే. అల్లుడుగారు యోసెమిటీకి కారులో తీసుకెళ్లి ఉంటే ఆ బోర్డు మీరు చూసే ఉంటారు.

ఇక చావులు. 1806లో తట్టు వచ్చి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న మిషన్లలో సుమారు నాలుగో వంతు జనాన్ని కొద్ది నెలల్లో తీసుకుపోయింది. మామూలు ఏళ్లలో కూడా పుట్టేవాళ్లకంటే పోయేవాళ్లే ఎక్కువ. కొత్తవాళ్లను తెస్తూ ఉంటేనే మిషన్ నడిచేది. మీ మనవరాలి ఇంటినుంచి కాస్త దూరంలో వాషింగ్టన్ బులెవార్డ్ పక్కన ఓలోనీల శ్మశానం ఉంది. అక్కడి రాతి మీద నాలుగు వేలమంది ఇక్కడ నిద్రిస్తున్నారని చెక్కి ఉంటుంది. ఆరు నెలలున్నా మిమ్మల్ని అక్కడికి ఎవరూ తీసుకెళ్లి ఉండరు. చర్చికి పార్కింగ్ బాగుంటుంది మరి.

1821లో మెక్సికో స్వతంత్రమైంది. 1833లో మిషన్లను రద్దుచేసే చట్టం వచ్చింది. ఆస్తిలో సగం అక్కడి జనానికే ఇవ్వాలని 1834లో గవర్నర్ నియమం పెట్టాడు. కాగితం మీద బ్రహ్మాండం. మిషన్ శాన్ హోసేను చూసుకోవడానికి వచ్చిన అధికారి, ఫిరంగి తెచ్చిన వయేహోకు సొంత అన్న. భూములు పెద్ద పశువుల దొరలపాలయ్యాయి. ఓలోనీలు పాత మిషన్ భూముల్లోనే కూలీలయ్యారు.

మనవరాలికి ఒక మాట చెప్పండి. ఒకప్పుడు అక్కడి నాలుగో క్లాసు పిల్లలంతా చక్కెర బిళ్లలతో, అట్టముక్కలతో బొమ్మ మిషన్ కట్టుకుని స్కూలుకు పట్టుకెళ్లాలి. 2016లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ఆ బొమ్మలు కట్టించవద్దని సూచించింది. ఆ పిల్ల అడుగుతున్న ప్రశ్న వాళ్ల నాన్న తరం అడగలేదు. "దేవుడి చోటు" అన్నారు మీరు. అందులో తప్పేం లేదు. ఇప్పటికీ అక్కడ ప్రార్థనలు జరుగుతున్నాయి, ఓలోనీ వంశస్థుల్లో ఏసును కొలిచేవాళ్లూ ఉన్నారు. దేవుడి సంగతి వేరు, గడియ సంగతి వేరు. ఈసారి అన్నం దగ్గర గొడవ వస్తే, ఫాదర్లు ఏమేం నేర్పారని కాకుండా, ఆ తలుపు గడియ ఎటువైపు ఉందని అల్లుడుగారిని అడిగి చూడండి.

ప్రశ్న: మేడమ్, నేను సివిల్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. స్పెయిన్ సరిహద్దులకు సైన్యాన్ని పంపకుండా సన్యాసులను ఎందుకు పంపింది? ఐదు పాయింట్లుగా ఇస్తే నోట్స్‌లో రాసుకుంటాను. (ఒక అభ్యర్థి, విజయనగర్)

జవాబు: పాయింట్లు ఇవ్వను బాబూ, కోచింగ్ సెంటర్‌కు అంత ఫీజు కట్టావు కదా. ఒక్క మాట ఇస్తాను: చవక.

మెక్సికో నగరంనుంచి కాలిఫోర్నియా ఎంత దూరమో మ్యాపులో చూడు. రష్యా వాళ్లు ఉత్తరంనుంచి దిగుతున్నారని స్పెయిన్‌కు టెన్షన్. ఆ తీరంలో కాపురం పెట్టడానికి స్పెయిన్ జనం లేరు. రెజిమెంట్లు పంపాలంటే ఖజానా చాలదు. అదే ఇద్దరు ఫ్రాన్సిస్కన్ సన్యాసులైతే మనిషికి ఏడాదికి 400 పెసోలు, కాపలాకు ఐదారుగురు సిపాయిలు. అక్కడున్న జనాన్నే రాజుగారి ప్రజలుగా మార్చేస్తే వలస వచ్చినవాళ్లతో పనిలేదు. పదేళ్లలో వాళ్లు పన్నులు కట్టే రైతులవుతారు, మిషన్ మామూలు ఊరి చర్చి అవుతుంది, సన్యాసులు ఇంకో సరిహద్దుకు పోతారు అన్నది ప్లాను. కాలిఫోర్నియాలో ఆ పదేళ్లు అరవై ఐదేళ్లయినా తీరలేదు. జనం "ఇంకా సిద్ధంగా లేరు" అని ఏటా రిపోర్టు. సిద్ధమయ్యారని రాస్తే రాసినవాడి ఉద్యోగం పోతుంది. ఈ సూత్రం నీకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆ 400 పెసోలు కూడా రాజు జేబులోవి కావు. భక్తులు రాసిచ్చిన ధర్మనిధి ఒకటుండేది, 1697లో జెసూట్‌లు అనే ఇంకో సంఘం ఫాదర్లు, ఇప్పుడు మెక్సికోలో ఉన్న దక్షిణ కాలిఫోర్నియా ద్వీపకల్పంలో మిషన్లు మొదలుపెట్టినప్పటిది. 1767లో రాజు జెసూట్‌లను తన రాజ్యం మొత్తం నుంచి వెళ్లగొట్టాడు, నిధి మాత్రం ఉంచుకున్నాడు. తరువాత అది మెక్సికో ప్రభుత్వం చేతికి వెళ్లింది, కాలిఫోర్నియా అమెరికాకు పోయింది, బిషప్పులు డబ్బు అడిగారు. ఆ తగాదా ఎక్కడ తేలిందో తెలుసా? హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో, 1902లో. ఆ కోర్టు తీర్పు చెప్పిన మొట్టమొదటి కేసు అదే. మెక్సికో ఏటా 43,050 మెక్సికన్ డాలర్ల 99 సెంట్లు కట్టాలన్నారు. ఆ 99 సెంట్లు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఇది నోట్స్‌లో రాసుకో, ప్రిలిమ్స్‌లో అడగొచ్చు.

ఇంకో సంగతి. 1573లో ఫిలిప్ రాజు కొత్త శాసనాలు తెచ్చి, ఇకమీదట "జయించడం" అనే మాట వాడకూడదు, "శాంతింపజేయడం" అనాలి అన్నాడు. ఆ తరువాత పాతికేళ్లకు న్యూమెక్సికోను శాంతింపజేశారు. అక్కడి అకోమా ఊరును 1599లో ఎలా శాంతింపజేశారో విడిగా చదువుకో, భోజనానికి ముందు మాత్రం వద్దు.

అన్నిచోట్లా మిషన్ పారలేదు. టెక్సాస్‌లో శాన్ అంటోనియో నది ఒడ్డున 1718నుంచి పెట్టిన ఐదు మిషన్లు నిలిచాయి, వాటిలో మొదటిదే తరువాత అలమో కోట అయింది. వాటిలో ఒకటైన ఎస్పాదా మిషన్‌కు 1740ల్లో కట్టిన రాతి కాలువ వంతెన ఇప్పటికీ ఉంది. అదే టెక్సాస్‌లో శాన్ సబా దగ్గర అపాచీల కోసం 1757లో మిషన్ పెడితే, అపాచీలు అందులో కాపురానికి రాలేదు. వాళ్ల శత్రువులైన కొమాంచీలు మాత్రం 1758 మార్చిలో వచ్చి తగలబెట్టి వెళ్లారు. గుర్రం ఎక్కిన జనానికి తలుపు వేస్తే ఏం లాభం?

పరాగ్వే తీరు మళ్లీ వేరు. అక్కడ పోర్చుగీసు బ్రెజిల్‌నుంచి బానిసల వేటగాళ్లు వచ్చి గువరానీలు అనే అక్కడి మూలవాసులను పట్టుకుపోయేవాళ్లు. జెసూట్‌ల మిషన్ ఊళ్లలో చేరితే కొంత రక్షణ. 1641లో ఎంబొరొరే దగ్గర గువరానీలే తుపాకులు పట్టి, వెదురు బొంగుకు తోలు చుట్టిన ఫిరంగులతో ఆ వేటగాళ్లను తరిమారు. 1732 నాటికి ముప్పై ఊళ్లలో 1,41,000 మంది. పై జవాబులో గడియ గురించి రాశాను, ఇక్కడ ఆ గడియను లోపలివాళ్లే వేసుకున్నారు, కనీసం మొదట్లో. 1750లో స్పెయిన్, పోర్చుగల్ రాజులు మ్యాపు మీద గీత మార్చుకుని, ఏడు ఊళ్లు ఖాళీ చేయమన్నారు. గువరానీలు మేం కదలం అన్నారు. ఇన్నేళ్లూ తమ రాజుగారి ప్రజలన్న స్పెయిన్ సైన్యం, పోర్చుగల్ సైన్యంతో కలిసి 1756లో వాళ్లను చంపింది. నీ ప్రశ్నకు అసలు జవాబు బహుశా ఇదే: సన్యాసుల తరువాత సైన్యాన్ని కూడా పంపింది.

ప్రశ్న: మేడమ్, వాళ్లలో మన అల్లూరి సీతారామరాజు లాంటివాళ్లు ఎవరూ లేరా? (పదో తరగతి విద్యార్థి, వైట్‌ఫీల్డ్)

జవాబు: ఉన్నారు నాయనా. ఎస్తనిస్లావో కథ పైన చదువు. శాన్ గాబ్రియేల్ మిషన్ మీద 1785లో తిరుగుబాటుకు పూనుకున్న తోయ్‌పురీనా అనే పాతికేళ్ల మంత్రగత్తె ఉంది. కాని గెలిచినవాడి కథ కావాలంటే పోపే అనే ప్యూబ్లో పూజారిది (రోమ్‌లోని పోప్ కాదు).

న్యూమెక్సికోలో ప్యూబ్లో జనం మట్టి మిద్దెల ఊళ్లలో మొక్కజొన్న పండించుకునే రైతులు. సన్యాసులు వాళ్ల పూజాసామగ్రి తగలబెట్టారు, కరువులో కూడా వాళ్ల పంట లాక్కున్నారు. 1675లో గవర్నర్ 47 మంది పూజారులను పట్టి, కొందరికి ఉరిశిక్ష వేసి, మిగతావాళ్లను కొట్టించాడు. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో పోపే ఒకడు. ఐదేళ్లు నోరు మెదపలేదు. అన్ని ఊళ్లకూ ఒక భాష కాదు, ఒక ఊరివాళ్ల మాట ఇంకో ఊరికి అర్థం కాదు. అందుకని తాళ్లకు ముడులు వేసి పరుగుగాళ్లతో పంపాడు. రోజుకో ముడి విప్పాలి, చివరి ముడి విప్పిన రోజు లేవాలి. ఇద్దరు పరుగుగాళ్లు పట్టుబడేసరికి ముహూర్తం ముందుకు జరిపి 1680 ఆగస్టు 10న లేచారు. సుమారు 400 మంది స్పెయిన్‌వాళ్లు, వాళ్లలో 21 మంది సన్యాసులు చనిపోయారు. శాంతా ఫే నగరానికి నీళ్లు ఆపేశారు. గవర్నర్ మిగిలినవాళ్లతో ఎల్ పాసోకు నడిచిపోయాడు. పన్నెండేళ్లు స్పెయిన్ మళ్లీ రాలేకపోయింది. 1692 తరువాత వచ్చినా, బలవంతపు కప్పాలు మళ్లీ పెట్టే ధైర్యం చేయలేదు.

అమెరికా పార్లమెంటు భవనంలో ఒక్కో రాష్ట్రానికి రెండేసి విగ్రహాలుంటాయి. కాలిఫోర్నియా తరఫున హునిపెరో సెర్రా, 1931నుంచి. న్యూమెక్సికో తరఫున పోపే, 2005నుంచి. పోపే చేతిలో ముడుల తాడు ఉంటుంది, వీపు మీద కొరడా చారలు కూడా చెక్కారు. వెనక్కి వెళ్లి చూస్తేనే కనబడతాయి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ప్రతి ఊరికీ శాన్, శాంతా అని ఎందుకు? మిషన్ శాన్ హోసే, శాన్ హోసే నగరం ఒకటేనా? (జయనగర్)

జవాబు: శాన్ అంటే పునీతుడు, శాంతా అంటే పునీతురాలు. మన రామాపురాలు, వెంకటాపురాలు ఎలాగో అలాగే. రెండూ ఒకటి కావు. నగరం 1777లో స్పెయిన్ రైతులకు పెట్టిన పౌరుల ఊరు, మిషన్ దానికి ఉత్తరాన ఇరవై మైళ్లలోపు. మీ అబ్బాయి ఆఫీసు ఒకదాంట్లో, ఇల్లు ఇంకోదాంట్లో అయి ఉండొచ్చు. హైవే పక్కన వంకీ స్తంభాలకు గంటలు వేలాడుతుంటాయి, అవి మిషన్ కాలానివి కావు. 1906లో మొదలుపెట్టిన టూరిస్టు గుర్తులు.

ప్రశ్న: అమ్మా, నాకు మూడెకరాల ద్రాక్షతోట. అమెరికాలో మిషన్ ద్రాక్ష అనే రకం ఉందని ఫోన్లో చూశాను. మన బెంగళూరు బ్లూ అదేనా? (ఒక రైతు, చిక్కబళ్లాపురం దగ్గర)

జవాబు: కాదన్నా. మిషన్ ద్రాక్ష పూజలో వాడే ద్రాక్షరసం కోసం సన్యాసులు నాటిన తీగ. జన్యు పరీక్షలో అది స్పెయిన్‌లోని లిస్తాన్ ప్రియేతో అనే పాత నల్లరకమని తేలింది. చిలీలో దాన్నే పయీస్ అంటారు. మన బెంగళూరు బ్లూలో మాత్రం అమెరికా అడవి ద్రాక్ష అంశ ఉంది, ఆ ఘాటు వాసన, జారిపోయే తొక్క అక్కడివే. అంటే స్పెయిన్ తీగ కాలిఫోర్నియాకు పోయింది, అమెరికా తీగ నీ తోటకు వచ్చింది. నువ్వు ఉత్తరంతోపాటు ఒక గుత్తి కూడా పంపావు. దారిలో నలిగి కవరంతా ఊదారంగయింది. అందుకే మీ ఊరి పేరు చదవలేకపోయాను, దగ్గర అని మాత్రం రాశాను. ఈసారి పంపితే అట్టపెట్టెలో పెట్టి పంపు.